గుర్రుమన్నందుకు కుక్కని కొట్టకండి

"పాపకి తొమ్మిదో నెల, పాకుతోంది. ఇంట్లో నాలుగేళ్ల ల్యాబ్రడార్ ఉంది. మొన్న పాపని చూసి గుర్రుమంది. ఎవరికైనా ఇచ్చేయమని అత్తగారు గొడవ, ఏం చెయ్యాలి?" అని అడిగారు.

ఇవ్వొద్దండీ. గుర్రుమన్నందుకు దాన్ని కొట్టారా? ఇక మీదట మాత్రం కొట్టకండి. దగ్గరికి రావద్దని అది నోరు తెరిచి చెప్పింది. దెబ్బలకి జడిసి ఆ చెప్పడం మానేసిన కుక్కే ఉన్నట్టుండి కరుస్తుంది.

మా ఇంట్లో ఒక సంక్రాంతికి జరిగింది చెప్తాను. మా రాజుగాడు నాటు కుక్క. మెట్ల కింద పెరుగన్నం తింటున్నాడు. అక్క కొడుకు, అప్పుడప్పుడే నడక వచ్చినవాడు, గిన్నె వైపు బయల్దేరాడు. రాజు తినడం ఆపేశాడు. మూతి గిన్నెలోనే ఉంది, ఒళ్లంతా కొయ్యబారిపోయింది, తల తిప్పకుండానే ఓరగా చూస్తుంటే తెల్లగుడ్డు కనబడింది. గుర్రుమన్నది ఆ తర్వాతే. బాబాయి చెప్పు తీశాడు. అమ్మ పిల్లాణ్ణి చంకనేసుకుని, "అది అరిచింది కాబట్టే కదరా నువ్వు ఇటు చూశావు!" అని ఆయన్ని కేకలేసింది. ఆ పూట నుంచి గిన్నె పెరట్లోకి మారింది, రాజు తినేంతసేపూ తలుపుకి గడియ.

మీరూ అదే చెయ్యండి. కుక్క తినే చోటికీ, పడుకునే చోటికీ పాప వెళ్లకుండా గుమ్మానికి చిన్న గేటు పెట్టించండి. ఇద్దర్నీ ఒక గదిలో వదిలి వంటింట్లోకి వెళ్లొద్దు. పక్కనే కూర్చుని ఫోన్ చూసుకోవడం కనిపెట్టుకుని ఉండటం కాదు. పిల్లల్ని కుక్క మీద ఎక్కించి రీల్స్ తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాపం అది మూతి నాక్కుంటూ, ఆవలిస్తూ, మొహం పక్కకి తిప్పేసుకుంటూ ఉంటుంది. అది నిద్ర కాదండీ, అవస్థ. పాకే పిల్లల మొహం సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది, అది మర్చిపోతారు.

ఏటా రేబిస్ టీకా, వేళకి నట్టల మందు తప్పనిసరి. పాపకి కుక్క పన్ను గీరుకున్నా సరే, సబ్బు పెట్టి కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కారం, సున్నం అద్దే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, అద్దనివ్వకండి. "మన కుక్కేగా" అని ఊరుకోవద్దు.

ఇన్నాళ్లూ గుర్రుమనని కుక్క ఇప్పుడే మొదలెట్టిందంటే ముందు పశువుల డాక్టరుకి చూపించండి. ల్యాబ్రడార్లకి చెవి పోటు, తుంటి నొప్పి తరచూ వస్తుంటాయి. పాప ఎప్పుడైనా పట్టుకు లాగి ఉంటే, అది ఆ నొప్పి చెవినేనేమో. అత్తగారితో మాట అది తేలాకే.