రికార్డు సీల్ అయితే వీసా ఫారంలో ‘లేదు’ అని రాయొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఎంఎస్ రెండో సెమిస్టర్‌లో ఉన్నాడు. ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర 140 డాలర్ల సామాను స్కాన్ చేయకుండా తెచ్చాడని పోలీసులు అరెస్ట్ చేసి, మర్నాడు బెయిల్ మీద వదిలారు. కేసు త్వరగా ముగించుకుంటే రికార్డు సీల్ అయిపోతుందని, ఎవరికీ కనపడదని అక్కడి లాయరు అన్నారట. అప్పుడు హెచ్-1బీ సమయంలో ‘అరెస్ట్ కాలేదు’ అని రాయొచ్చా? అక్కడే ఉండటం మంచిదా, వెనక్కి రమ్మనాలా? ఇక్కడ ఎవరికీ తెలియదు. వచ్చే నెల మా అమ్మాయి నిశ్చితార్థం.
– ఒక తండ్రి, ప్రభుత్వ ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మాస్టారూ, ముందు కాస్త స్థిమితపడండి. ఈ కేసుతో మీవాడి బతుకేమీ తెల్లారిపోదు. టెక్సాస్‌లో 100 నుంచి 750 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల కోవలోది. చట్టం ప్రకారం గరిష్ఠ శిక్ష 180 రోజుల జైలు, 2,000 డాలర్ల జరిమానా. మొదటిసారి పట్టుబడ్డ విద్యార్థి విషయం సాధారణంగా అంత దూరం వెళ్లదు.

ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచుగా వస్తున్నాయి. అందరూ వీసా గురించే అడుగుతారు కానీ, లోపల ఉన్న భయం ‘ఎవరికి తెలుస్తుంది?’ అన్నదే. అందుకే సీల్ అనగానే ప్రాణం లేచి వస్తుంది.

సీల్ చేయడమంటే వీధి తలుపు మూయడం. ఉద్యోగమిచ్చే ప్రైవేటు కంపెనీకి, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకి లోపలిది కనపడదు. టెక్సాస్‌లో ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఎక్స్‌పంక్షన్ అయితే రికార్డునే తీసేస్తారు. నాన్‌డిస్‌క్లోజర్ అయితే జనానికి కనపడదు, పోలీసులకూ కోర్టులకూ కొన్ని ప్రభుత్వ శాఖలకూ కనపడుతూనే ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ ఫెడరల్ ప్రభుత్వానిది. రాష్ట్ర కోర్టు ఇచ్చిన సీల్ ఆర్డరు దాన్ని ఆపలేదు. వీసాకు నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా అని అడుగుతారు, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పమంటారు. గ్రీన్‌కార్డు ఫారం అయితే సీలైన రికార్డులను కూడా పేరు పెట్టి అడుగుతుంది. కాబట్టి అరెస్ట్ కాలేదని రాయకూడదు. మీవాడితో రాయించకూడదు.

చిన్న దొంగతనాన్ని ఇమ్మిగ్రేషన్ చట్టం కొంతవరకు సహిస్తుంది. ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఏడాది దాటకపోయి, పడిన శిక్ష ఆరు నెలలు మించకపోయి, అలాంటి నేరం అదొక్కటే అయితే మినహాయింపు ఉంది. వీసా కోసం అబద్ధమాడి దొరికితే మాత్రం అమెరికా గడప శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

అసలు గొయ్యి ఇంకోచోట ఉంది. ‘త్వరగా ముగించుకుంటే’ అన్న మాట దగ్గరే నాకు భయమేసింది. టెక్సాస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒక దారి ఉంది. నేరం ఒప్పుకుంటే కోర్టు శిక్ష ఖరారు చేయకుండా కొన్నాళ్లు ప్రొబేషన్‌లో ఉంచి, తర్వాత కేసు కొట్టేస్తుంది. రాష్ట్రం దృష్టిలో అది శిక్ష కాదు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో మాత్రం నేరం ఒప్పుకుని, దాని మీద కోర్టు ఏ ఆంక్ష పెట్టినా అది శిక్షే. తర్వాత సీల్ చేసినా మారదు. అదే ప్రీట్రయల్ డైవర్షన్‌లో, అంటే విచారణ దాకా వెళ్లకుండా కొన్ని షరతులు పూర్తిచేసే దారిలో, నేరం ఒప్పుకోకుండానే కేసు కొట్టేయించుకోగలిగితే కథే వేరు. అక్కడా సంతకం పెట్టే కాగితంలో ఒప్పుకోలు ఉందేమో చూడాలి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందా లేదా అన్నది డిఫెన్స్ లాయరు చెప్పి తీరాలని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిల్లా కేసులో తేల్చింది. మీవాణ్ని ఆ ప్రశ్న నోరు తెరిచి అడగమనండి. విడిగా ఇమ్మిగ్రేషన్ లాయరుకు కూడా డబ్బు ఖర్చుపెట్టండి. సీల్ కాకముందే కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసి దాచుకోమనండి. సీల్ అయ్యాక వాటిని తీసుకోవడం కష్టం, ఇమ్మిగ్రేషన్‌వాళ్లు అడిగేవి అవే.

ఇక ఎంఎస్ మోజు గురించి నా సందేహాలు దాచుకోను. నలభై, యాభై లక్షల అప్పుతో పిల్లల్ని పంపుతున్నాం. చట్టప్రకారం వాళ్లు చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించకుండా, అదీ క్యాంపస్‌లోనే పనిచేయాలి. ఆ ఉద్యోగాలు అందరికీ దొరకవు. చదువయ్యాక హెచ్-1బీ లాటరీలో ఏడాదికి 85 వేలే. దీనికి తోడు 2025 ఏప్రిల్‌లో చిన్నాచితకా పోలీసు కేసులున్న విద్యార్థుల సెవిస్ రికార్డులను (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ జాబితా) కూడా రద్దు చేశారు, కోర్టులకెక్కాక చాలావరకు తిరిగి ఇచ్చారు. ఆ జులైలోనే మన దేశంలోని అమెరికా ఎంబసీ, దొంగతనం చేస్తే వీసా పోవచ్చని బహిరంగంగా హెచ్చరించింది. ఇంత సన్నటి గట్టు మీద ఇరవై రెండేళ్లవాణ్ని నడిపిస్తూ, మన దగ్గర కన్సల్టెన్సీలు ఒక్క గంట కూడా అక్కడి చట్టం చెప్పవు. మీరైనా అడిగారా? పక్కింటివాళ్లబ్బాయి వెళ్లాడని పంపేవాళ్లే నాకు ఎక్కువమంది కనపడతారు.

కోపగించుకోనంటే ఇంకో మాట. మీ ఉత్తరంలో సీల్ ఉంది, హెచ్-1బీ ఉంది, ఊరు ఉంది, నిశ్చితార్థం ఉంది. పిల్లవాడు ఎలా ఉన్నాడో ఒక్క వాక్యం లేదు. ఎందుకు చేశాడో అడిగారా? వాడు చేసింది తప్పే, సమర్థించను. ఒక రాత్రి లాకప్‌లో ఉండి వచ్చినవాడికి మీరు ఫోన్ చేసి పరువు గురించి మాట్లాడితే, తర్వాత జరిగేది మీకు చెప్పడు. వాడు చెప్పకపోతే మీరెవరూ సాయం చేయలేరు.

ఉండటమా, రావడమా అంటే, ఇప్పుడైతే రాకూడదు. కోర్టు వాయిదాకు హాజరు కాకపోతే వారెంటు వస్తుంది, చిన్న కేసు పెద్దదవుతుంది. వీసా రద్దయినా, అక్కడ విద్యార్థిగా ఉండే చట్టబద్ధ హోదా (స్టేటస్) సరిగా ఉన్నంతవరకు చదువు సాగొచ్చు, దేశం దాటితే మళ్లీ కొత్త వీసా కావాలి. కేసు ముగిసి డిగ్రీ చేతికొచ్చాక ఆ చర్చ తీరిగ్గా చేసుకోండి. అప్పటికి హైదరాబాదే నయమని వాడికే అనిపించవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. అక్కడ కంపెనీ ఉద్యోగ ఫారాలు నింపేటప్పుడు అరెస్టు గురించిన ప్రశ్న ఏ మాటల్లో అడిగారో లాయరుకు చూపించి రాయమనండి.

నిశ్చితార్థానికి వాడు ఎందుకు రాలేదని అడిగితే చదువు మధ్యలో ఉన్నాడని చెప్పండి, అది నిజమే. వియ్యాలవారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ అమ్మాయిని అడగండి. తనకు ఇంకా చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి.