బొటనవేలు ముంజేతికి ఆనడం, సాయంత్రానికి కీళ్ల నొప్పులు: అమ్మ నుంచి వచ్చాయా?

మీకూ మీ అమ్మగారికీ బొటనవేలు వంచితే ముంజేతికి ఆనుతుందనీ, ఇద్దరికీ సాయంత్రానికి మోకాళ్లు లాగుతాయనీ రాశారు. ఇది చాలావరకు వంశపారంపర్యమే.

ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లకు బలం కొల్లాజెన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది. దాని అల్లిక పుట్టుకతోనే వదులుగా ఉంటే కీలు మామూలు హద్దు దాటి కదులుతుంది. అప్పుడు దాన్ని నిలబెట్టే భారమంతా కండరాల మీద పడుతుంది. పొద్దంతా ఆ పని చేసి అవి అలసిపోతాయి కాబట్టే నొప్పి సాయంత్రానికి పెరుగుతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. అంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు. "అంతా నీ భ్రమ" అన్నవాళ్ల మాట దయచేసి మనసుకు పట్టించుకోకండి.

కీళ్లు ఎంత వదులుగా ఉన్నాయో కొలవడానికి డాక్టర్లు బైటన్ స్కోరు చూస్తారు: చిటికెన వేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు, నడుము కలిపి 9 మార్కులు. యాభై ఏళ్లలోపు పెద్దవాళ్లకు 5 దాటినా, 5 వచ్చినా కీళ్లు వదులుగా ఉన్నట్టే. చాలామందికి ఏ బాధా ఉండదు. కీళ్లు తరచూ జారడం, చర్మం బాగా సాగడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఎలర్స్-డాన్లోస్ సిండ్రోమ్ (కీళ్లనూ చర్మాన్నీ పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే వంశపారంపర్య జబ్బు) గురించి రుమటాలజిస్టును, అంటే కీళ్ల జబ్బుల డాక్టరును అడగండి.

ఒళ్లు ఇంకా సాగదీసే ఆసనాలు తగ్గించండి. మీకు కావలసింది బలం: ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ, నడుము కండరాల వ్యాయామాలు నేర్చుకుని మెల్లగా పెంచండి. నిలబడేటప్పుడు మోకాళ్లు వెనక్కి విరిచి ఉంచకండి. మీ పిల్లలకు కూడా వేళ్లు వంచి చూపించడం ఆటగా అలవాటు చేయకండి.