ప్రిన్స్ జార్జ్ నుంచి టెర్రస్‌కి హైవే 16 మీద ఆడవాళ్ళు ఒంటరిగా డ్రైవ్ చేయడం నిజంగా డేంజరా?

మీ ఆవిడకి కెనడా బ్రిటిష్ కొలంబియాలోని టెర్రస్‌లో నర్సు జాబ్ వచ్చిందని, "హైవే ఆఫ్ టియర్స్" (ఈ హైవే 16కే ఆ పేరు, అంటే కన్నీళ్ళ రోడ్డు) గురించి చదివి భయపడుతోందని, ఇంతమంది ఆదివాసీ అమ్మాయిలు మాయమైతే పోలీసులు ఎందుకు పట్టుకోలేకపోయారని అడిగారు కదా. నేను ప్రిన్స్ జార్జ్‌లో చదువుకుంటూ మూడేళ్ళు ఒక మోటెల్లో హౌస్‌కీపింగ్ చేశానండి, అక్కడ చూసింది విన్నది చెప్తాను.

మొదటిదానికి జవాబు చిన్నదే. సొంత కారుంది, అరగంట లేటైతే మీరు పది ఫోన్లు కొడతారు, కాబట్టి మీ ఆవిడ భయపడాల్సింది మంచుకి, రాత్రిపూట రోడ్డుకి అడ్డమొచ్చే మూస్ అనే పెద్ద జింకలకి, అవి మన దున్నపోతు కంటే ఎత్తుంటాయి. వింటర్ టైర్లు వేయించి, ట్యాంక్ నింపుకుని పగలు బయల్దేరమనండి. ఆ రోడ్డు మీద మాయమైన వాళ్ళ పరిస్థితి వేరు, చాలామంది కారు లేక లిఫ్ట్ అడిగి వెళ్ళినవాళ్ళు.

మా సూపర్‌వైజర్ ఆవిడ గిట్‌క్సాన్ అనే ఆదివాసీ తెగ, వాళ్ళ ఊరు హేజల్టన్ వైపు. కారు డాష్‌బోర్డ్ అరలో మడతలు పడిన జిరాక్స్ పోస్టర్ ఒకటుండేది, వాళ్ళ పిన్ని కూతురిది, 17 ఏళ్ళప్పుడు ఇంటికొస్తానని బయల్దేరి రాలేదు. ఆ రాత్రే పిన్ని స్టేషన్‌కి వెళ్తే "ఎక్కడో పార్టీలో ఉంటుంది, వచ్చేస్తుందిలే" అన్నారట, వెతకడం మొదలయ్యేసరికి రోజులు గడిచిపోయాయి, రోడ్డు పక్క మంచు మీద ఏమైనా గుర్తులున్నా ఇంకేం మిగుల్తాయి? మన దగ్గర "ఎవడితోనో వెళ్ళిపోయుంటుంది" అనే మాట ఎంతమంది అమ్మానాన్నలు వినలేదూ, అచ్చం అదే మాట.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 1980 నుంచి 2012 దాకా హత్యకి గురైనవాళ్ళు, ఆచూకీ తెలియనివాళ్ళు కలిపి దేశం మొత్తమ్మీద 1,181 మంది ఆదివాసీ ఆడవాళ్ళని 2014లో కెనడా ఫెడరల్ పోలీసులే లెక్క చెప్పారు, అందులో 225 కేసులు అప్పటికీ తేలలేదు. కెనడా ఆడవాళ్ళలో వీళ్ళు నూటికి నలుగురే, హత్యకి గురైనవాళ్ళలో మాత్రం నూటికి 16 మంది. హైవే 16, దాని చుట్టుపక్కల రోడ్ల కేసుల కోసం 2005లో ఈ-పానా అని స్పెషల్ టీం పెట్టి 18 కేసులు తీసుకున్నారు, కుటుంబాల లెక్క అంతకంటే చాలా ఎక్కువ. 1974 నాటి ఒక హత్య కేసులో డీఎన్ఏ ఒక మనిషితో కలిసింది 2012లో, అప్పటికి వాడు అమెరికా జైల్లో చచ్చి ఆరేళ్ళు. చాలావాటిలో ఈరోజుకీ అరెస్టు లేదు. 2002లో చెట్లు నాటే పనికొచ్చిన ఒక తెల్లమ్మాయి కనిపించకపోయాకే పేపర్లన్నీ ఈ రోడ్డు గురించి రాయడం మొదలుపెట్టాయి, ఈ మాట చెప్పేటప్పుడు మా సూపర్‌వైజర్ గొంతులో ఆ అమ్మాయి మీద కోపం లేదు, ఆ పిల్ల కోసం కూడా ఏడ్చిందావిడ.

"మరి లిఫ్ట్ ఎందుకు అడగడం?" అని నేనే ఒకసారి అనేశాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. డాక్టర్ దగ్గరికెళ్ళాలన్నా, సరుకులు కావాలన్నా పదుల కిలోమీటర్లు, చాలా ఇళ్ళలో కారుండదు. 2006లో ప్రిన్స్ జార్జ్‌లో కుటుంబాలూ ఊరి పెద్దలూ కూర్చుని 33 సూచనలు రాశారు, వాటిలో ముఖ్యమైనది షటిల్ బస్సు. ఊళ్ళ మధ్య ప్రభుత్వ బస్సులు మొదలైంది 2017లో, అంటే 11 ఏళ్ళు! మధ్యలో 2015లో ఇంకోటి బయటపడింది, ఈ హైవే మీటింగుల గురించిన ఈమెయిళ్ళని ప్రభుత్వంలోవాళ్ళే డిలీట్ చేశారని ప్రైవసీ కమిషనర్ రిపోర్టిచ్చారు. బస్సు రావడానికి ముందు మాత్రం "అమ్మాయిలూ, లిఫ్ట్ అడగొద్దు" అని పెద్ద పసుపు బోర్డు వచ్చింది. దాని పక్కనుంచి వెళ్తూ మా సూపర్‌వైజర్ అంది, "నడిచే పిల్లకి చెప్తున్నారు సరే, కారాపే వాడికి ఏ బోర్డు పెట్టారు?"

ఒక జనవరిలో స్మిదర్స్ నుంచి ఇద్దరం వస్తున్నాం, మైనస్ 25, షిఫ్ట్‌కి లేటైపోతోంది, రోడ్డు పక్కన ఒక పిల్ల బొటనవేలు చాపి నిలబడుంది. లేటవుతుందేమో అన్నాను, ఆవిడ వినిపించుకోకుండా బ్రేకేసింది. పిల్ల వెనక సీట్లో ఎక్కాక పేరూ ఊరూ ఏమీ అడగలేదు, "నువ్విక్కడున్నావని మీ ఇంట్లో తెలుసా?" అని ఒక్కటే అడిగి తన ఫోన్ వెనక్కి అందించింది. సిగ్నల్ లేదు. ఇరవై నిమిషాల తర్వాత సిగ్నల్ ఒక గీత కనపడగానే కారు పక్కకి తీసి ఆపింది, ఆ పిల్ల వాళ్ళమ్మతో మాట్లాడి ఫోన్ పెట్టేదాకా కదల్లేదు.