కొత్త డిస్కు ఎక్కేదాకా పాతదాన్ని పీకకండి

సందేహం: లినక్స్‌లో నాలుగు 4 టీబీ డిస్కులతో సాఫ్ట్‌వేర్ రెయిడ్-5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి) వాడుతున్నాను. ఒక డిస్కు ఎర్రర్లు ఇస్తుంటే తీసేసి కొత్తది పెట్టాను. రీబిల్డ్ (మిగతా డిస్కుల నుంచి కొత్తదాన్ని నింపడం) 63 శాతం దగ్గర మరో డిస్కు కూడా ఫెయిలైందని చూపించి ఆగిపోయింది. డేటా పోయినట్టేనా?

జవాబు: ఇక మీదట తొందరపడకపోతే చాలావరకు దక్కుతుంది. ఈ ఫిర్యాదు తరచూ వస్తూనే ఉంది, కారణమూ ఎప్పుడూ ఒకటే: ఎర్రర్లు ఇచ్చే డిస్కును చచ్చిన డిస్కు కింద జమకట్టి ముందే పీకేయడం. 4 టీబీ డిస్కులో 4 కేబీ సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న గడులు, 97 కోట్లకు పైనే ఉంటాయి. వాటిలో పదో ఇరవయ్యో చదవలేకపోయినా మిగతావన్నీ పనికొచ్చేవే. డిస్కు తీసేశాక మిగిలిన మూడింటిలో ప్రతి సెక్టారూ చదవగలగాలి, ఒక్కటి మొరాయించినా దాన్ని తిరిగి కట్టడానికి పారిటీ (పోయిన డేటాను లెక్కగట్టి తెచ్చే అదనపు సమాచారం) ఉండదు. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైళ్ల కింద దాక్కున్న చెడ్డ సెక్టార్లు సరిగ్గా రీబిల్డ్‌లోనే బయటపడతాయి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఆరేలోకి, అంటే ఈ డిస్కుల కూటమిలోకి, ఏమీ రాయనివ్వకండి. లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఏడీఎం టూల్ ‘ఎగ్జామిన్’ ఆదేశంతో ప్రతి డిస్కు సమాచారాన్నీ తీసి వేరే కంప్యూటర్‌లో దాచండి. అందులో ఈవెంట్ కౌంట్ (ఆరేలో జరిగిన మార్పుల లెక్క), డిస్కుల వరుస, డేటా ఆఫ్‌సెట్ (డిస్కులో డేటా మొదలయ్యే చోటు) ఉంటాయి. కొత్తగా ఆరే కట్టే ‘క్రియేట్’ జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. వరుస గానీ ఆఫ్‌సెట్ గానీ తేడా వస్తే ఉన్న డేటా మీదే కొత్త పారిటీ రాసేస్తుంది. ఎండీఏడీఎం వెర్షన్ మారితే డిఫాల్ట్ ఆఫ్‌సెట్ కూడా మారొచ్చు కాబట్టి, పాత ఆదేశాన్ని పొల్లుపోకుండా మళ్లీ కొట్టినా క్షేమం కాదు.

రెండోసారి ఫెయిలైన డిస్కును, పాడైన డిస్కుల నుంచి చదవగలిగినదంతా తీసే డీడీరెస్క్యూతో మరో డిస్కు మీదకు కాపీ చేయండి. ఏవి చదివిందో ఏవి చదవలేదో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పనిసరి, అది లేకపోతే మధ్యలో ఆగినప్పుడు మళ్లీ మొదటికొస్తారు. మొదటి విడతలో తేలిగ్గా చదవగలిగినవి తీసుకుని, తర్వాత మొండి సెక్టార్ల మీద మూడు రీట్రైలు పెట్టండి. మొదట పీకిన డిస్కు మీ దగ్గర భద్రంగా ఉంటే, 63 శాతం దగ్గర ఆగిన కొత్త డిస్కునే ఈ కాపీకి వాడుకోవచ్చు. పూర్తయ్యాక అసలు డిస్కును మెషీన్ నుంచి తీసేయండి. ఒకే గుర్తింపుతో రెండు డిస్కులు కనిపిస్తే ఏది ఆరేలో చేరుతుందో చెప్పలేం. కాపీనీ, బాగున్న రెండు డిస్కులనూ కలిపి ‘అసెంబుల్ ఫోర్స్’తో రీడ్-ఓన్లీగా లేపండి. ఫైల్ సిస్టమ్‌నూ రీడ్-ఓన్లీగానే మౌంట్ చేయాలి. ఈఎక్స్‌టీ4 అయితే ‘నోలోడ్’ కూడా జోడించండి, లేకపోతే జర్నల్ రాయబోయి మౌంట్ విఫలమవుతుంది. ముందు డేటా బయటికి తీసుకోండి, రిపేర్ల సంగతి ఆ తర్వాత. మ్యాప్ ఫైల్‌లో చదవలేదని మిగిలిన చోట్ల ఉన్న ఫైళ్లకు మాత్రం బ్యాకప్పే దిక్కు.

అసలు డిస్కు మార్చే పద్ధతి వేరు. పాతది ఉండగానే కొత్తది తగిలించి, స్పేర్‌గా చేర్చి, ఎండీఏడీఎంలో ‘రీప్లేస్’కు పాత డిస్కు, ‘విత్’కు కొత్త డిస్కు ఇవ్వాలి. డేటా నేరుగా పాతదాంట్లోంచి వస్తుంది, చదవలేని సెక్టార్లను మాత్రమే మిగతా వాటి నుంచి కడుతుంది. డిస్కులను తానే కలిపి నడిపే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ‘జెడ్‌పూల్ రీప్లేస్’ కూడా పాతది తగిలించి ఉంటే దాన్ని వాడుకుంటుంది. పోర్టు ఖాళీ లేకపోతే తాత్కాలికంగా ఒక సాటా కార్డు పెట్టండి. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌ను ఈ పనికి నమ్మొద్దు, గంటల తరబడి లోడ్ పడితే మధ్యలో కనెక్షన్ తెగే ప్రమాదం ఎక్కువ.

తప్పంతా వాడేవాళ్లది కాదు. పెట్టెలో పెట్టి అమ్మే స్టోరేజ్ పరికరాలు కొన్ని, పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో పెట్టినవి) పెరుగుతున్నా స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్కించుకునే వ్యవస్థ) పరిమితి దాటేదాకా పచ్చ లైటే చూపిస్తాయి. దాటాక ‘డిస్కు మార్చండి’ అంటాయి తప్ప, పాతది ఉంచి మార్చమని చెప్పవు. ట్రాకులను పెంకుల్లా ఒకదానిమీదొకటి కాస్త ఎక్కించి రాసే షింగిల్డ్ రికార్డింగ్ డిస్కులనైతే ఆ మాట అట్ట మీద వేయకుండా అమ్మడం వినియోగదారుణ్ని మోసం చేయడమే. రీబిల్డ్‌లో ఎడతెగని రాతలకు అవి పూర్తిగా నెమ్మదిస్తాయి.

మామూలు డెస్క్‌టాప్ డిస్కులది మరో తంటా. చెడ్డ సెక్టార్ తగిలితే నిమిషాల తరబడి లోపలే కుస్తీ పడతాయి. లినక్స్ కర్నెల్ 30 సెకన్లకే ఓపిక వదిలి రీసెట్ చేస్తుంది, దాంతో ఇంకా బతికున్న డిస్కు ఆరే నుంచి బయటపడుతుంది. స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో ‘ఎస్‌సీటీ ఈఆర్‌సీ’ (చెడ్డ సెక్టార్‌తో డిస్కు కుస్తీ పట్టే గడువు) విలువ 70, అంటే 7 సెకన్లు, పెట్టండి. చాలా డిస్కుల్లో పవర్ పోతే ఇది చెరిగిపోతుంది కాబట్టి బూట్ స్క్రిప్టులో ఉండాలి. డిస్కుకు ఆ సౌకర్యమే లేకపోతే కర్నెల్ టైమౌట్‌ను 180 సెకన్లకు పెంచండి. నెలకోసారి ఆరే మొత్తం చెక్ చేయిస్తే చెడ్డ సెక్టార్లు రీబిల్డ్ దాకా దాక్కోవు.

సందేహం: 199వ స్మార్ట్ విలువ పెరుగుతోందని డిస్కు మార్చాను. కొత్తదాంట్లోనూ పెరుగుతోంది.

జవాబు: అది డిస్కుకూ కంట్రోలర్‌కూ మధ్య దారిలో వచ్చే సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా చెడిపోయి చేరిన సందర్భాల) లెక్క. కేబుల్ మార్చండి, తగ్గకపోతే పోర్టు. మార్చాక కూడా పాత అంకె సున్నా కాదు, పెరగడం ఆగిందా అన్నదే చూడాలి. డిస్కు ఉపరితలం సంగతి చెప్పేవి 5, 197, 198.

సందేహం: పాడైన రెయిడ్-5 డిస్కును వారంటీకి పంపుతున్నాను. ఒక్క డిస్కే కదా, డేటా ఎవరికీ అర్థం కాదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే నిర్లక్ష్యం ఇదే. ఎండీఏడీఎం డిఫాల్ట్ చంక్, అంటే ఒక డిస్కులో ఒక్కసారికి వరసగా రాసే ముక్క, 512 కేబీ. ప్రతి డిస్కులోనూ అన్నేసి కేబీల అసలు డేటా వరసగా ఉంటుంది, పారిటీ మధ్యమధ్యలో మాత్రమే. గుర్తింపు కార్డు స్కాన్, పాస్‌వర్డ్ ఫైలు, ఎస్‌ఎస్‌హెచ్ కీ లాంటి చిన్న ఫైళ్లు ఒక చంక్‌లోనే పూర్తిగా ఇమిడిపోతాయి. ఫైల్ రికవరీ టూల్ వాటిని నేరుగా ఏరుకుంటుంది. రెయిడ్-1 అయితే చెప్పనక్కర్లేదు, ప్రతి డిస్కూ మొత్తం కాపీయే.

పైనుంచి సున్నాలు రాసినా, డిస్కు ఇదివరకే పక్కనపెట్టిన రీఎలొకేటెడ్ సెక్టార్లకు ఆ రాత చేరదు. ఏటీఏ ‘ఎన్‌హాన్స్‌డ్ సెక్యూర్ ఎరేజ్’ వాటిని కూడా చెరపాలి, కానీ పాడైన డిస్కు దాన్ని పూర్తిచేస్తుందన్న హామీ లేదు. మీ డిస్కులో ఎన్‌క్రిప్షన్ లేకుండా అలాంటి ఫైళ్లుంటే వారంటీ వదులుకుని ప్లాటర్లను (డిస్కు లోపల డేటా ఉండే పళ్లేలను) ధ్వంసం చేయండి. కొత్త ఆరే కట్టేటప్పుడు ఎండీ పరికరం (లినక్స్‌కు ఆరే మొత్తం ఒకే డిస్కులా కనిపించే రూపం) మీద లక్స్ అనే ఎన్‌క్రిప్షన్ పొర వేసి, దానిపైన ఫైల్ సిస్టమ్ పెట్టండి. తర్వాత ఏ డిస్కు బయటికి వెళ్లినా అందులో ఉండేది గుప్తీకరించిన డేటాయే. లక్స్ హెడర్ (తాళం వివరాలుండే మొదటి భాగం) బ్యాకప్ తీసి ఆరే బయట ఉంచండి. ఆ హెడర్ పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా మీరు కూడా డేటా తెరవలేరు.