మీ ఆఫీస్‌కి ఏ వర్చువల్ డెస్క్‌టాప్ తీస్కోవాలంటే

అమ్మాయ్ స్వాతీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వర్చువల్ డెస్క్‌టాప్ కొటేషన్లు చూశానమ్మా. వర్చువల్ డెస్క్‌టాప్ అంటే ఏం లేదు, అసలు కంప్యూటర్ ఎక్కడో సర్వర్‌లో నడుస్తది, మనిషి ఇంట్లో లాప్‌టాప్ నుంచి ఇంటర్నెట్ మీద దాని స్క్రీన్ తెరిచి పని చేస్కుంటాడు. ఎవరికి వాళ్ళు తమ దగ్గరున్న సరుకే రాశారు గానీ మీ వాళ్ళు రోజంతా ఏ సాఫ్ట్‌వేర్ మీద కూర్చుంటారో ఒక్కళ్ళూ అడిగినట్టు లేదు. గుంటూరు బ్రాడీపేటలో మీ ఆడిట్ ఆఫీస్‌లో మంచి ఇంటర్నెట్ లైన్ మీద డెమో చూస్తే ఏదైనా బాగానే ఉంటది. నువ్వు చూడాల్సింది పొన్నూరు అవతల ఉన్న మీ స్టాఫ్ పిల్ల ఇంట్లో, ఆ అమ్మాయి పాత లాప్‌టాప్ మీద, ఊళ్ళో అందరూ ఫోన్లలో వీడియోలు పెట్టుకునే రాత్రి ఎనిమిదింటికి ఎలా నడుస్తుందో. అక్కడ నడిచిందే తీస్కో, పేరు ఏదైనా సరే.

ముందు అసలు ఎవరికి కావాలో తేల్చు. క్విక్‌బుక్స్ ఆన్‌లైన్, జోహో బుక్స్ లాంటి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లు బ్రౌజర్లోనే నడుస్తాయి కదా, రోజంతా అవే చేసేవాళ్ళకి వర్చువల్ డెస్క్‌టాప్ కొనడం దండగ, ఓటీపీ లాంటి రెండో లాకు పెట్టి మంచి లాప్‌టాప్ ఇస్తే చాలు, కాకపోతే క్లయింట్ కాగితాలు ఆ లాప్‌టాప్‌లో దిగకూడదు అన్న కండిషన్ ఉంటే అది వేరే సంగతి. టాలీ, క్విక్‌బుక్స్ డెస్క్‌టాప్, షేర్డ్ ఫోల్డర్లో పెద్ద పెద్ద ఎక్సెల్ ఫైళ్ళు, ఇవి చేసేవాళ్ళకే నిజంగా కావాలి. మీ 25 మందిలో వాళ్ళెంతమందో పేర్లతో రాయి, లెక్క సగం అక్కడే తేలిపోద్ది.

ఇక రకాలు. ఒకే పెద్ద మెషీన్‌లోకి పదిమంది లాగిన్ అయ్యి ఎవరి స్క్రీన్ వాళ్ళు వాడుకునేది ఒకటి, మనిషికో మెషీన్ ఇచ్చేది ఇంకోటి. మొదటిది అపార్ట్‌మెంట్ అనుకో, లిఫ్టూ మోటారూ అందరికీ కలిపి, ఖర్చు తక్కువ, కానీ ఒకడు ఎక్కువ వాడితే మిగతావాళ్ళకి తగులుద్ది. రెండోది సొంత ఇల్లు. టాలీ ఎంట్రీలు కొట్టే పిల్లలకి మొదటిది హాయిగా సరిపోద్ది. సొంతంగా ఏవేవో ఇన్‌స్టాల్ చేస్కునే సీనియర్లకి మాత్రం విడిగా ఇవ్వు. అందరికీ ఒకే రకం పెట్టాలని రూలేం లేదు, ఆ సేల్స్ అబ్బాయి అలా చెప్తే నమ్మకు.

కలిపి వాడే దానికి సైజు ఎంతంటే, మైక్రోసాఫ్ట్ వాళ్ళ గైడ్‌లో తేలిక పనికి ఒక్కో వర్చువల్ సీపీయూకి (అంటే పెద్ద మెషీన్ ప్రాసెసర్‌లో మనకిచ్చే ఒక వాటా) ఆరుగురు, మామూలు ఆఫీస్ పనికి నలుగురు, బరువు పనికి ఇద్దరు అని ఉంటది. మీవాళ్ళు క్రోమ్‌లో ట్యాబులు తెరిచి వదిలేస్తారు కాబట్టి నలుగురి లెక్క కన్నా తక్కువే వేస్కో, ర్యామ్ దగ్గర అస్సలు పిసినారితనం చెయ్యొద్దు. ఒక్క పెద్ద మెషీన్ బదులు రెండు చిన్నవి పెట్టు, ఒకటి పడిపోతే సగం ఆఫీస్ అయినా నడుస్తది.

పేర్ల సంగతి. ఆఫీస్‌లోనే సర్వర్ పెట్టి మైక్రోసాఫ్ట్ వాళ్ళ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్‌తో అందరినీ అందులోకి లాగిన్ చేయించడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తది, కానీ మనిషికో లైసెన్స్ కొనాలి. కొనకుండా పెట్టినా 120 రోజులు నడుస్తది, అది చూపించి "ఫ్రీ" అనేవాళ్ళున్నారు, ఆ గడువు అయ్యాక స్టాఫ్‌కి లాగిన్ ఆగిపోద్ది. టాలీకి కూడా సిల్వర్ లైసెన్స్ ఒక్కరికే, ఎక్కువమందికి గోల్డ్ కావాలి. అజూర్ అంటే మైక్రోసాఫ్ట్ అద్దెకిచ్చే సర్వర్లు, దాని అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లో విండోస్ 11నే చాలామంది కలిసి వాడుకోవచ్చు, దానికి మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం లాంటి ప్లాన్ ఉండాలి, సెట్ చెయ్యడానికి తెలిసిన మనిషీ కావాలి. విండోస్ 365 అయితే మనిషికో క్లౌడ్ పీసీ, అంటే మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో విడిగా ఒక మెషీన్, నెలకింత అని ఫిక్స్, బిజినెస్ ప్లాన్ 300 మంది దాకా. మీకు ఐటీ మనిషి లేడు కాబట్టి సీనియర్లకి ఇదే తేలిక. అమెజాన్ వర్క్‌స్పేసెస్‌లో ఆటోస్టాప్ అని ఉంటది, వాడనప్పుడు దానంతటదే ఆగుద్ది, గంటల లెక్కన బిల్లు, వారంలో రెండ్రోజులే వచ్చే పార్ట్‌టైం వాళ్ళకి కలిసొస్తది. సిట్రిక్స్, హొరైజన్ పెద్ద కంపెనీల సరుకు, ఆ హొరైజన్ 2024లో వీఎంవేర్ కంపెనీ నుంచి విడిపోయి ఆమ్‌నిస్సా అనే వేరే కంపెనీ అయింది, మీ సైజుకి వాటి జోలికి వెళ్ళొద్దని నా మాట.

అజూర్ బిల్లు దగ్గర ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. విండోస్ లోపల్నుంచి షట్‌డౌన్ కొడితే మెషీన్ ఆగినట్టు కనపడుద్ది గానీ మీటర్ తిరుగుతూనే ఉంటది, అజూర్ వెబ్‌సైట్ పోర్టల్‌లో డీఅలోకేట్ అయితేనే, అంటే మెషీన్ వాళ్ళకి తిరిగి వదిలేస్తేనే ఆగేది, అప్పుడు కూడా డిస్క్ అద్దె పడుద్ది. రాత్రిపూట వాటంతటవే ఆగేట్టు ఆటోస్కేల్ పెట్టమని కొటేషన్‌లోనే రాయించు.

సర్వర్ ఎక్కడుందో కూడా అడుగు. అజూర్ సెంట్రల్ ఇండియా అంటే పుణె, అమెజాన్‌ది ముంబై ఉంది. మన దేశంలోనే ఉంటే లైన్ కాస్త బాగుంటే చాలు, టైపింగ్ తేడా తెలీదు. కానీ మీ అమెరికా క్లయింట్ డేటా అక్కడే ఉండాలి అని అగ్రిమెంట్‌లో ఉంటే ఇక్కడి నుంచి సిగ్నల్ వెళ్ళొచ్చేసరికి 200 మిల్లీసెకన్లకి అటూఇటూ పడుద్ది, 150 దాటితే చాలు, అక్షరం కొట్టాక ఆగి పడినట్టు ఉంటది. రోజుకి ఎనిమిది గంటలు అలా కొట్టడం పిల్లలకి నరకం. అగ్రిమెంట్ తీసి చదువు ముందు. టీమ్స్, జూమ్ కాల్స్ మాత్రం లోపల పెట్టకుండా వాళ్ళ లాప్‌టాప్‌లోనే చేస్కోమను, లేదంటే మాట తెగుద్ది.

మన ఆడిట్ ఆఫీసుల్లో అందరూ తన్నుకునేది డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ దగ్గర, అదే రిటర్న్‌ల మీద సంతకానికి వాడే ఆ చిన్న యూఎస్‌బీ. రిమోట్‌గా లాగిన్ అయినప్పుడు సర్వర్‌కి గుచ్చిన టోకెన్ మామూలుగా ఆ సెషన్‌కి కనపడదు, మనిషి ముందున్న మెషీన్‌కి గుచ్చిందే లోపలికి వెళ్ళాలి, అదీ అన్నిట్లో సరిగ్గా వెళ్ళదు. అందుకే ట్రయల్‌లో ఉత్తి ఎంట్రీలు కాదు, నిజంగా ఒక రిటర్న్ సంతకం పెట్టించి చూడు.

సెక్యూరిటీ విషయంలో మొహమాటం వద్దు. 3389 పోర్ట్, అంటే రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి వచ్చే తలుపు, ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టే వాడెవడైనా సరే వెంటనే పంపించెయ్, ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ వాళ్ళు వెతికేదే అది. బయటివాళ్ళు నేరుగా సర్వర్ దగ్గరికి రాకుండా మధ్యలో గేట్‌వే ఉండాలి, రెండో లాకు ఉండాలి, కాపీ పేస్ట్, ఇంట్లో డ్రైవ్ కనెక్ట్ అవ్వడం అవసరమైన వాళ్ళకి తప్ప ఆపెయ్యాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, పిల్లల ఇళ్ళలో ఇంకా అవే ఉంటాయి, పని క్లౌడ్‌లో జరిగినా పాస్‌వర్డ్ కొట్టేది ఆ మెషీన్ మీదేగా, దాంట్లో వైరస్ ఉంటే ఏం లాభం.

కరెంట్ పోవడం గురించి బెంగపడ్డావు కదా, అందులో మాత్రం వర్చువల్ డెస్క్‌టాపే మేలమ్మా. ఇంట్లో లైన్ పోయినా లోపల సెషన్ అలాగే ఉంటది, మళ్ళీ లాగిన్ అయితే సగం కొట్టిన ఎంట్రీ సగంలోనే ఉంటది, ఎంతసేపు ఉంచాలో టైమ్ మాత్రం సెట్ చేయించు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి ఆఫీస్ ఖర్చుతోనే కొనిపెట్టు.

ఇప్పుడు చెయ్యాల్సింది, నచ్చిన ఇద్దరి దగ్గర రెండు వారాల ట్రయల్ అడుగు, జీఎస్టీ రిటర్న్‌ల రద్దీ అందులో పడేట్టు చూస్కో. తెనాలి, సత్తెనపల్లి, పొన్నూరు నుంచి బాగా లైన్ లేని వాళ్ళనే కూర్చోబెట్టు, రోజూ ఏం ఆగిందో వాళ్ళనే రాయమను, నువ్వు మధ్యలో సర్దిచెప్పకు. మానేసేటప్పుడు డేటా ఏ ఫార్మాట్‌లో ఎన్ని రోజుల్లో ఇస్తారో రాతలో తీస్కో. సంవత్సరం డబ్బులు ముందే కట్టమంటే కట్టకు, మూడు నెలలు నెలనెలా కట్టి చూడు. ఆ అగ్రిమెంట్, పేర్ల లిస్ట్ రెండూ పట్టుకుని ఆదివారం విజయవాడ రా, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య
గవర్నర్‌పేట