క్యాథలిక్ ప్రైమరీ స్కూల్ పిల్లలతో ఎలాంటి సేవ చేయించాలి? నా పదమూడేళ్ల అనుభవం

మీ ప్రశ్న చదివాను. కొత్తగా క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో టీచరుగా చేరారు. తపస్సు కాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస ప్రార్థనల రోజుల్లో, మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో ఏదైనా సమాజసేవ చేయించమని హెచ్.ఎం. సిస్టర్ గారు మీకు అప్పగించారు. చేతిలో డబ్బు లేదు, పిల్లల్లో సగానికి పైగా క్రైస్తవులు కారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. గుంటూరు జిల్లాలో అలాంటి స్కూల్లోనే నేను పదమూడేళ్లుగా నాలుగో తరగతికి చెబుతున్నాను. మీకు ముందుగా చెప్పాలనుకున్నది ఇది: ఏం చేయించినా ఒకే చోటికి, అవే మనుషుల దగ్గరికి పిల్లలు మళ్లీ మళ్లీ వెళ్లేలా చూడండి. మిగతా అన్నీ దాని తర్వాతే.

మొదటి ఏడాది నేను అలా చేయలేదు. రెండు వ్యాన్లలో అరవై మంది పిల్లల్ని దగ్గర్లోని వృద్ధాశ్రమానికి తీసుకెళ్లాం. అరటిపళ్లు, బ్రెడ్డు, బిస్కెట్లు పట్టుకెళ్లాం. పిల్లలు వరుసగా నిలబడి పాట పాడారు, పళ్లు పంచారు, ఫొటోలు దిగాం, గంటలో తిరిగొచ్చాం. అక్కడ మర్చిపోయిన స్టీలు బేసిన్ కోసం నాలుగు రోజుల తర్వాత నేనొక్కదాన్నే వెళ్లాను. వంటగది మూల అరటిపళ్లు నల్లబడి ఈగలు ముసురుతున్నాయి. బిస్కెట్ ప్యాకెట్లు కట్టలు విప్పకుండా అలాగే ఉన్నాయి. "సగం మందికి షుగరండీ, ఇవి ఎవరికి పెట్టమంటారు?" అంది వంటామె. బయటికి వస్తుంటే మంచం మీద కూర్చున్న ఒక మామ్మగారు నన్ను గుర్తుపట్టి, "జళ్లో కనకాంబరాలు పెట్టుకున్న పిల్ల మళ్లీ ఎప్పుడొస్తుందమ్మా?" అని అడిగారు. మళ్లీ ఏడాదికి గానీ వెళ్లే ఆలోచన మాకు లేదు. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ప్రశ్న వల్లే మరుసటి ఏడాది నుంచి మొత్తం మార్చేశాను.

మరుసటి ఏడాది పిల్లల్ని తీసుకెళ్లే ముందు నేను వెళ్లి, ఏం తక్కువగా ఉన్నాయో అడిగాను. స్నానపు సబ్బులు, కొబ్బరినూనె, మెత్తటి పాత నూలు చీరలు, పెద్దవాళ్ల డైపర్లు, నెయిల్ కట్టర్లు అన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా వాళ్లకు కావలసింది పేపరు చదివి వినిపించే మనిషి, సూదిలో దారం ఎక్కించే మనిషి. చూపు ఆనక, సగం కుట్టిన జాకెట్లు, ఊడిన గుండీలు అలాగే పెట్టుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. తొమ్మిదేళ్ల పిల్లకు అది అర నిమిషం పని.

నా తరగతిలో ముప్పై ఆరు మంది. తొమ్మిదేసి మంది చొప్పున నాలుగు జట్లు చేశాను. వారానికి ఒక జట్టు, శనివారం నలభై నిమిషాలు. అంటే ఒక్కో పిల్లకు నెలకొక్కసారే వంతు వస్తుంది, కానీ ఆశ్రమంలో వాళ్లకు మాత్రం ప్రతి శనివారం పిల్లలు వస్తారు. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దావిడనో పెద్దాయననో కేటాయించి, ఏడాదంతా వాళ్ల దగ్గరికే పంపాను. సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం, నీళ్ల సీసాలు నింపడం, పేపర్లో ముఖ్యమైన వార్తలు చదివి వినిపించడం, వేపచెట్టు కింద అష్టాచమ్మా ఆడటం, ఇంతే. మూడో నెలకల్లా పిల్లలు అక్కడి నుంచి పొడుపు కథలు మోసుకొచ్చి క్లాసులో వేయడం మొదలుపెట్టారు. క్లాసులో చదవమంటే నోరు విప్పని ఒక బాబు ఉండేవాడు. తప్పు చదివితే అందరూ నవ్వుతారని వాడి భయం. అక్కడ తాతగారు నవ్వరు, తొందరపెట్టరు, ఒక్కో మాట కూడబలుక్కుని చదివినా చివరిదాకా వింటారు. ఏడాది చివరికి వాడు అసెంబ్లీలో వార్తలు చదివాడు. ఆ శనివారాల్లో ఎవరు ఎవరికి సేవ చేశారంటే నేను చెప్పలేను.

ఇక తపస్సు కాలం విషయానికి వద్దాం. ప్రార్థన, ఉపవాసం, దానధర్మం అని మూడూ పిల్లలకు చెబుతాం కదా. ఉపవాసం దగ్గర జాగ్రత్తగా ఉండండి. తిరుసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం మాంసం మానే నియమం పద్నాలుగేళ్లు నిండినవాళ్లకు, ఉపవాస నియమం పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే వర్తిస్తుంది. ప్రైమరీ పిల్లలకు ఆ బాధ్యతే లేదు. ఒక ఏడాది నేను ఇది స్పష్టంగా చెప్పలేదు. ఒక పాప తన అన్నం డబ్బా బడి బయట కూర్చున్న ముసలాయనకు ఇచ్చేసి, తను ఏమీ తినకుండా ఉండిపోయింది. చివరి పీరియడ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది. వాళ్లమ్మ గారికి చెప్పేటప్పుడు నాకు ఎంత బాధేసిందో! "మీ అన్నం మీరు తినాలి, తినే ముందు ఒక పిడికెడు పక్కన పెట్టాలి" అని అప్పటి నుంచి మొదటి రోజే చెబుతున్నాను.

మా పిడికెడు బియ్యం కార్యక్రమం అలా వచ్చింది. మన ఊళ్లలో చాలా క్రైస్తవ కుటుంబాల్లో అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి గుడి (చర్చి) కోసం డబ్బాలో వేసే అలవాటు ఉంది. దాన్నే బడికి తెచ్చాం. రోజూ ఒక్కో పిల్ల తన పిడికిలితో ఒక పిడికెడు. కిరాణా కొట్టు నుంచి కాటా అరువు తెచ్చి తూస్తే పిల్లల పిడికెడు సుమారు 40 గ్రాములు తూగింది. 36 మందికి రోజుకు 1,440 గ్రాములు, ఆరు రోజుల వారానికి 8,640, ఆరు వారాలకు 51 కిలోల 840 గ్రాములు. ఈ లెక్క బోర్డు మీద పిల్లలే వేశారు. చివరికి వచ్చింది 44 కిలోలు. తక్కువ ఎందుకు వచ్చిందని వాళ్లే హాజరు పట్టీ తీసి, సెలవులు, రానివాళ్లు, మర్చిపోయిన రోజులు లెక్కగట్టారు. నేను చెప్పిన గుణకారాల పాఠాల్లో అంత శ్రద్ధగా సాగింది ఇంకోటి లేదు.

ఇందులో నాకు తెలియక జరిగిన పొరపాట్లు రెండు. మీకు జరగకూడదని చెబుతున్నాను.

ఒకటి, బియ్యం కలిసిపోవడం. రేషన్ బియ్యం, సన్నబియ్యం, పాతవి, కొత్తవి అన్నీ ఒకే డ్రమ్ములో పోశాం. అవి కలిపి వండితే కొన్ని మెత్తబడిపోతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. పళ్లు లేని పెద్దవాళ్లు ఆ అన్నం తినలేరు. ఆశ్రమం వంటామే ఉపాయం చెప్పింది: వండొద్దు, నానబెట్టి మినప్పప్పుతో రుబ్బితే ఇడ్లీకి, అట్లకు బాగా వస్తాయని. ఇప్పుడు మా బియ్యమంతా అలాగే వాడుతున్నారు, దానికి సరిపడా మినప్పప్పు టీచర్లం కొనిస్తున్నాం.

రెండోది పిల్లల మనసుకు సంబంధించినది. ఎవరి డబ్బాలో ఏ బియ్యం ఉందో అందరికీ కనబడేది. రేషన్ బియ్యం తెచ్చిన పిల్లలు డబ్బా మూత చేత్తో కప్పుకుని వచ్చేవాళ్లు. ఒక అబ్బాయి "నీవి ప్లాస్టిక్ బియ్యం" అని పక్కవాణ్ణి వెక్కిరించాడు. రేషన్ బియ్యంలో అక్కడక్కడా కనిపించే వేరే రకం గింజలు ప్లాస్టిక్ కావనీ, ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి చేసి వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారనీ ఆ రోజే క్లాసు ఆపి చెప్పాను. డ్రమ్మును మెట్ల కింది గదిలోకి మార్చాం. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి పోసి వస్తారు. తేనివాళ్లు కూడా వెళ్లి వస్తారు, ఎవరు పోశారో ఎవరు పోయలేదో తెలియదు. సేవ చేయించేటప్పుడు మన క్లాసులోనే పేద పిల్లలు ఉంటారన్నది ఒక్కరోజు కూడా మర్చిపోకండి.

మతం గురించి అడిగారు. నేను తల్లిదండ్రుల మీటింగులో దాపరికం లేకుండా చెప్పేస్తాను. మాకు ఈ సేవ మత్తయి సువార్త 25వ అధ్యాయం నుంచి వచ్చింది, ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే, దప్పికగొన్నవాడికి నీళ్లిస్తే అది తనకే చేసినట్టని క్రీస్తు చెప్పాడు, అందుకే చేస్తున్నాం అంటాను. పనికి అందరు పిల్లలూ వస్తారు. ప్రార్థనకు మాత్రం ఇష్టమున్నవాళ్లే. రాజ్యాంగం 28వ అధికరణంలోని మూడో క్లాజు ప్రకారం కూడా ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు గానీ ఆరాధనకు గానీ కూర్చోబెట్టకూడదు. ఇది ముందే చెబితే అనుమానాలు చాలావరకు తొలగిపోతాయి. అన్నదానం, చలివేంద్రం అంటే ఏమిటో మన దగ్గర ఎవరికీ వివరించక్కర్లేదు కూడా. 2025లో రంజాన్ నెల మార్చి 2న మొదలైంది, తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం మార్చి 5న వచ్చింది. ఆ ఏడాది మా క్లాసులో ఒక బాబు లేచి, "టీచర్, మేం కూడా పండుగ నమాజుకు ముందే ఫిత్రా ఇస్తాం" అని చెప్పాడు. ఫిత్రా అంటే రంజాన్ పండుగకు పేదలకు ఇచ్చే దానం. దాని గురించి వాళ్ల నాన్నగారిని పిలిపించి పిల్లలకు చెప్పించాం. ఆయనే తర్వాత డ్రమ్ము మోయడానికి తన ఆటో తెచ్చారు.

తపస్సు కాలం చివరి వారాలు ఎండల్లో పడతాయి, ఒంటిపూట బడులు కూడా అప్పటికి మొదలవుతాయి. అందుకని గేటు దగ్గర చలివేంద్రం పెడతాం. కుండలు కడగడం, తడి గుడ్డ చుట్టడం, పొడవాటి కాడ గరిటెతో నీళ్లు పోయడం పిల్లల పని. పదేసి నిమిషాల చొప్పున, ఎప్పుడూ పక్కన ఒక టీచరు ఉంటూ, పది గంటలకల్లా పిల్లల వంతు ఆపేస్తాం. ఆ తర్వాత వాచ్‌మన్ గారు చూసుకుంటారు. చెంబు కుండలో ముంచనివ్వకండి, నీళ్లు పాడవుతాయి. మొదటి రోజే గరిటె కొనండి.

చేయించకూడనివి కూడా కొన్ని చెబుతాను. అనాథాశ్రమానికి వెళితే అక్కడి పిల్లల ఫొటోలు తీయకండి, వాట్సాప్ స్టేటస్‌లో అసలు పెట్టకండి. సంరక్షణ అవసరమైన పిల్లల వివరాలు, ఫొటోలు మీడియాలో బయటపెట్టడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన పిల్లలు బిస్కెట్లు ఇస్తుంటే తీసుకునే పిల్ల ముఖం ఒక్కసారి చూడండి. అదే వయసు, అదే తరగతి. ఇద్దరూ కలిసి ఆడుకునే పని ఏదైనా ఉంటేనే అక్కడికి తీసుకెళ్లండి. అలాగే నవంబరు 2న మృతుల పండుగకు ముందు సమాధుల దొడ్డి శుభ్రం చేయిద్దామని ఒక ఏడాది అనుకున్నాం. చనిపోయినవాళ్లను పాతిపెట్టడం కూడా ఏడు దయాకార్యాల్లో ఒకటే కదా అని. కానీ శ్మశానానికి చిన్నపిల్లల్ని పంపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోలేదు. వాళ్ల ఆచారం వాళ్లది, మానేశాం. ఆ పని మా చర్చి విచారణ (పారిష్)లోని యువతీ యువకులు చేస్తున్నారు.

మీరు తపస్సు కాలం దాకా ఆగక్కర్లేదు కూడా. సెప్టెంబరు 5 మనకు టీచర్స్ డే, మదర్ తెరెసా 1997లో కన్నుమూసిన రోజు, ఆమె పండుగ రోజు కూడా అదే. ఆ రోజు మా ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆయమ్మలకు, వాచ్‌మన్ గారికి, వ్యాన్ డ్రైవర్లకు స్వయంగా వడ్డిస్తారు. మొదటిసారి అభినందన కార్డులు రాయిద్దామని కూర్చుంటే, రోజూ తమను బాత్రూముకు తీసుకెళ్లే ఆయమ్మ పేరేమిటో ఒక్క పిల్లకూ తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఇంటిపేరు తెలియదు. అందరం వెళ్లి అడిగి రాసుకున్నాం.

ఇంత చిన్నపిల్లలు ఏం చేయగలరు అని స్టాఫ్ రూములో ఎవరైనా అంటే, 1843లో ఫ్రాన్సులో ఒక బిషప్ మొదలుపెట్టిన, పిల్లల చేతే పిల్లలకు సాయం చేయించే పవిత్ర బాల్య సభ గురించి చెప్పండి. రోజుకో మంగళవార్త జపం (మరియమ్మకు చేసే చిన్న ప్రార్థన), నెలకో చిల్లర నాణెం, పిల్లల్ని ఆయన అడిగింది అంతే. అదే ఇప్పుడు ప్రపంచమంతా ఉంది.

ఈ వారంలో మీరొక్కరే ఆశ్రమానికి వెళ్లి రండి. ఏమీ పట్టుకెళ్లకండి. ఆఫీసులోవాళ్లతో పాటు వంటగదిలో పనిచేసేవాళ్లతో కూడా మాట్లాడండి. పిల్లలు ఏ రోజు, ఏ వేళ వస్తే వాళ్లకు ఇబ్బంది ఉండదో రాసుకోండి. పిల్లలతో పాటు కనీసం ఇద్దరు పెద్దవాళ్లు వెళ్లాలి, జలుబు, దగ్గు ఉన్న పిల్లల్ని ఆ వారం ఆపేయాలి, తల్లిదండ్రుల సంతకం లేకుండా ఎవర్నీ గేటు దాటించకూడదు. మేం వాడే అనుమతి పత్రం నమూనా కావాలంటే అడగండి, ఇక్కడే రాసి పెడతాను.