రాత్రి తినకపోయినా పొద్దున షుగర్ ఎందుకు ఎక్కువ?

రాత్రి భోజనం మానేసినా పరగడుపున షుగర్ 150 వస్తోందా? టెన్షన్ పడకండి. తెల్లవారుజామున కొన్ని హార్మోన్లు పెరిగి, కాలేయం నిల్వ ఉంచిన గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. టైప్ 2 షుగర్ వ్యాధి ఉన్నవాళ్లలో ఇది మామూలే. కాబట్టి పస్తుతో లాభం లేదు. పైగా ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే పస్తు ప్రమాదం కూడా.

రెండు మూడు రోజులు పడుకునే ముందు, రాత్రి 3 గంటలకు, లేవగానే మీటర్‌తో షుగర్ చూసి రాసుకోండి. (అలారం పెట్టుకుని లేవడం విసుగే, నాకు తెలుసు!) పడుకునేటప్పుడే ఎక్కువుంటే సాయంత్రం తిన్నదాన్ని అనుమానించాలి. 3 గంటలకు 70 కంటే తక్కువుంటే వెంటనే కాస్త చక్కెర తీసుకుని, పొద్దున్నే డాక్టర్‌కు చెప్పండి. మాత్రలు మీరే మార్చొద్దు.

భోజనం ప్రభావం తెలియాలంటే తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఇంకోసారి చూడండి. చాలామందికి ఈ రెండో అంకె లక్ష్యం 180 లోపు. దాటితే పిండిపదార్థాలు తగ్గించి, కూరగాయలు, ప్రొటీన్ పెంచి మళ్లీ చూడండి. తిన్నాక పది నిమిషాల నడక కూడా పనిచేస్తుంది.

అన్నట్టు, పండు ముట్టుకున్న చేత్తో పరీక్షిస్తే అంకె అబద్ధం చెబుతుంది. చేతులు కడిగి, తుడుచుకున్నాకే గుచ్చుకోండి.